నాన్న మెడల్ కోసం పదకొండు నెలలు

మా నాన్న 2024 జనవరి 9న పోయారు. మంగళవారం తెల్లవారుజామున, నిద్రలోనే. వయసు 77. సైన్యంలో వాహనాలు, ట్యాంకులు బాగుచేసే ఈఎంఈ కోర్‌లో వెహికల్ మెకానిక్‌గా 1966లో చేరి, 1984లో హవల్దార్‌గా పెన్షన్ మీద బయటికొచ్చారు. మాది శ్రీకాకుళం వైపు ఊరు. నాన్న రిటైరయ్యాక హైదరాబాద్ వచ్చేసి రామంతాపూర్‌లో స్థిరపడ్డాం. ఆయన మెడల్ కోసం ఆ ఏడాదంతా నేను ఎక్కడెక్కడ తిరిగానో, ఏ కాగితం ఎందుకు అడిగారో రాస్తున్నాను. ఇంట్లో మిలిటరీ తాతో నాన్నో ఉన్నవాళ్లకి పనికొస్తుందని.

మర్నాడు అంత్యక్రియలు. మా తమ్ముడు బెంగళూరు నుంచి వస్తూ దారిలో ఒక జెండా కొనుక్కొచ్చాడు. నాన్న మీద కప్పుదామని వాడి ఆశ. పాడె కడుతుండగా సుబేదార్ బాబాయ్ వచ్చాడు. నాన్న దగ్గర పని నేర్చుకుని, తర్వాత నాన్నకంటే పై ర్యాంకుకి వెళ్లినాయన. ఆయన తమ్ముడి చేతిలోని జెండా తీసుకుని, మడత పెట్టి వాడికే ఇచ్చేశాడు. "ప్రభుత్వ లాంఛనాలతోనో, మిలిటరీ లాంఛనాలతోనో జరిగితేనే కప్పాలిరా. మనంతట మనం కప్పకూడదు. అలా కప్పినప్పుడు కూడా చితి దగ్గర తీసేయాలి, జెండా కాలకూడదు. మీ నాన్న ఉంటే నిన్ను తిట్టేవాడు" అన్నాడు. జెండా నియమాల పుస్తకం, ఫ్లాగ్ కోడ్‌లో అలాగే ఉందని తర్వాత చదివాను. ఆ పూట మాత్రం తమ్ముడు గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

"మెడల్స్ తే అమ్మా, గుండె మీద పెడదాం" అన్నాడు బాబాయ్ నాతో.

నేను బదులు చెప్పలేకపోయాను. ఆయన నా ముఖం చూసి మళ్లీ అడగలేదు. వెళ్లేటప్పుడు టోపీ సర్దుకుని, అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ చేసి "జైహింద్ ఉస్తాద్" అన్నాడు. నాన్నకి దక్కిన మిలిటరీ లాంఛనం అదొక్కటే.

మెడల్స్ లేకపోవడానికి కారణం నేనే. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన హైదరాబాద్ వాళ్లెవరూ మర్చిపోరు. మా కింది వాటాలోకి నడుము దాకా నీళ్లొచ్చాయి. నాన్న నల్ల ట్రంకు పెట్టె మంచం కిందే ఉండిపోయింది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు రాసుంటుందే, ఆ పెట్టె. నీళ్లు తీశాక నాలుగో రోజు తెరిస్తే ఉన్ని యూనిఫారం బూజు పట్టి, చెయ్యి వేస్తే ముద్దగా ఊడొచ్చింది. ఆ వాసనకి నేను అడుగుదాకా వెతకలేదు. పాడైన పరుపులు, గిన్నెలు, కుర్చీలతో పాటు పెట్టెనీ పాత సామాన్లవాడికి వేసేశాను. అన్నిటికీ కలిపి 240 రూపాయలిచ్చాడు. నాన్న మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉన్నారు. "నాన్నా, ఇందులో ఏమైనా కావాలా?" అంటే "తీసుకెళ్లనీలేమ్మా" అన్నారు. మెడల్స్ ఆ పెట్టె అడుగున, ఒక రుమాల్లో ఉన్నాయని ఆయన పోయాక అమ్మ చెప్పింది. మూడేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఒక్కసారి కూడా ఆయన నాతో ఆ మాట అనలేదు.

జనవరి 14న, భోగి నాడు, బాబాయ్ మళ్లీ వచ్చాడు. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో రిటైరైన రోజది, అందుకే మాజీ సైనికుల దినంగా జరుపుతారు. ఆ కార్యక్రమం నుంచి కోటు మీద మెడల్స్‌తో నేరుగా మా ఇంటికే వచ్చాడు. అప్పుడు జరిగిందంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "డిశ్చార్జ్ బుక్ ఉందా?" అన్నాడు, అంతే.

ఉంది. సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం అది. పెన్షన్ కాగితాలతో పాటు పాలిథీన్ కవర్లో చుట్టి బీరువా పై అరలో పెట్టారు నాన్న. నీళ్లు అక్కడిదాకా రాలేదు. పతకాల గడిలో నాలుగు పేర్లున్నాయి: పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్, తొమ్మిదేళ్ల సర్వీస్ మెడల్. మొదటి రెండూ 1971 యుద్ధానివి. మూడోది 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవాళ్లకి ఇచ్చింది. నాలుగింటినీ నేనే పారేశానని ఆ పేజీ చూస్తూ అనుకున్నాను.

ఫిబ్రవరి 5న తిరగడం మొదలుపెట్టాను. పోయిన మెడల్స్‌కి డూప్లికేట్ కావాలంటే పోలీసు రిపోర్టు, నోటరీ అఫిడవిట్, డిశ్చార్జ్ బుక్ కాపీ, మరణ ధ్రువపత్రం, అమ్మ గుర్తింపు కాగితాలు అన్నీ రెండేసి సెట్లు సిద్ధం చేసుకోమని బాబాయ్ చెప్పాడు. పోలీస్ స్టేషన్‌కి మూడుసార్లు వెళ్లాల్సొచ్చింది. మొదటిసారి ఎస్సై లేడన్నారు, రెండోసారి "నాలుగేళ్ల కిందటి సంగతికి ఇప్పుడొచ్చారేంటి?" అన్నారు. మూడోసారి ఒక కానిస్టేబుల్ కూర్చోబెట్టి అడిగాడు, ఎలా పోయాయని. పోలేదండీ, నేనే పాత సామాన్లకి వేశాను అని చెప్పాను. అతను కాసేపు పెన్ను పట్టుకుని ఊరుకున్నాడు. "వరదలో పోయినట్టే కదమ్మా" అంటూ అలాగే రాసుకున్నాడు. అఫిడవిట్‌లో మాత్రం ఉన్నదున్నట్టు రాయించాను. తడిసిన సామాన్లతో పాటు తెలియక పారవేయడమైనది అని. స్టాంప్ పేపర్ 100, నోటరీకి 300.

అసలు చిక్కు మెడల్స్‌తో కాదు, అమ్మ పేరుతో వచ్చింది. ఆధార్‌లో అమ్మ పేరు సత్యవతి. నాన్న సర్వీస్ కాగితాల్లో భార్య పేరు బుల్లెమ్మ. పుట్టింట్లో అందరూ అలాగే పిలిచేవారు, నాన్నా అలాగే పిలిచేవారు. 1970లో పెళ్లయి సెలవు నుంచి వెళ్లాక, అక్కడి గుమాస్తా భార్య పేరేంటని అడిగితే నోటికొచ్చిన పేరు చెప్పేసి ఉంటారు. ఆ ముచ్చట యాభై నాలుగేళ్ల తర్వాత మాకు రెండు నెలలు పట్టింది. ఫ్యామిలీ పెన్షన్‌కి కూడా ఇదే అడ్డం. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్, దాని మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం, పాత రేషన్ కార్డు, పెళ్లి ఫొటో. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఏ కాగితం వెనక ఏది పెట్టాలో చూపించారు. అమ్మ మాత్రం ఆ రోజుల్లో ఎవరొచ్చినా "నాను బుల్లెమ్మనే కాదంట" అని చెప్పుకుని నొచ్చుకునేది. మీ నాన్నగారు బతికుండగానే డిశ్చార్జ్ బుక్ తెరిచి మీ అమ్మ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో చూడండి. ఆయన ఉండగానే చేయించుకుంటే తేలికయ్యే పని అది.

ఈ మధ్యలోనే ఒకాయన ఫోన్ చేశాడు. ఎవరిచ్చారో నా నంబరు. 8,000 ఇస్తే పెన్షన్, మెడల్స్ రెండూ తను చూసుకుంటానన్నాడు. బాబాయ్‌కి చెప్తే "ఒక్క రూపాయి ఇచ్చావంటే మీ ఇంటి గుమ్మం తొక్కను" అన్నాడు. ఇవ్వలేదు. మొత్తం పదకొండు నెలల్లో నాకైన ఖర్చు, ఆటోలు జెరాక్సులతో సహా 4,000 లోపే. లంచం ఎక్కడా అడగలేదు, ఇవ్వలేదు.

ఏప్రిల్ 18న అన్నీ పట్టుకుని రికార్డ్ ఆఫీసుకి వెళ్లాను. ఎవరి రికార్డులు ఎక్కడుంటాయన్నది వాళ్లు పనిచేసిన కోర్‌ని బట్టి ఉంటుంది. ఆర్టిలరీ వాళ్లవి నాసిక్‌లో, మద్రాస్ రెజిమెంట్ వాళ్లవి వెల్లింగ్టన్‌లో. ఈఎంఈ వాళ్లవి మన సికింద్రాబాద్‌లోనే. నలభై ఏళ్లుగా మేం ఉంటున్న ఊళ్లోనే నాన్న ఫైలూ ఉందన్నమాట, మెట్రో ఎక్కితే అరగంట దూరంలో. ఉప్పల్లో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగి, అక్కణ్నుంచి ఆటో. గేటు దగ్గర ఫోన్ ఇచ్చేయాలి, ఆధార్ చూపించి పాస్ రాయించుకోవాలి. ఫోన్లో దాచుకున్న కాగితాలు లోపల పనికిరావు, అన్నీ చేతిలో ఉండాలి. నాన్న ఆర్మీ నంబరు కూడా ఫోన్లోనే రాసుకున్నాను నేను. గేటు దగ్గర జవాను నంబరు అడిగితే నోట మాట రాలేదు. పక్కనే ఉన్న అమ్మ గడగడా చెప్పేసింది. అతను రాసుకుని, తలెత్తి "మాతాజీ కో యాద్ హై!" అన్నాడు.

అమ్మ చదువు ఐదో తరగతి. ఇంగ్లీషు రాదు. పెళ్లయిన కొత్తలో నాన్న ఒక కాగితం మీద తన చిరునామా ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసిచ్చారట, నంబరు, ర్యాంకు, పేరు, కింద కేరాఫ్ 56 ఏపీవో, అంటే ఆర్మీ పోస్టాఫీసు. అమ్మ దాన్ని ముందు పెట్టుకుని, ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు, ప్రతి ఇన్‌లాండ్ కవరు మీదా దించేది. వారానికొకటి, పద్నాలుగేళ్లు. అక్షరాలు రాకపోయినా ఆ గీతలు వచ్చు. ఈ సంగతి నాకు ఆ రోజు గేటు దగ్గర పాస్ కోసం కూర్చున్నప్పుడే తెలిసింది.

లోపల ఒక హవల్దార్ కాగితాలు చూసుకుని, రెండు చోట్ల సంతకం తప్పిందని అక్కడే పెట్టించుకున్నాడు. యాభై ఏళ్ల కిందటి రిజిస్టర్లు తీయాలి, టైం పడుతుందమ్మా, ఉత్తరం వస్తుంది అన్నాడు.

మే, జూన్ గడిచాయి. అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ జూన్‌లో మొదలైంది. మెడల్స్ సంగతి ఏమీ తెలియలేదు. ఆ రోజుల్లోనే ఒకసారి తిరుమలగిరి లాల్‌బజార్ వెళ్లాను. మిలిటరీ సామాన్లు, యూనిఫారాలు కుట్టే దుకాణాలు వరసగా ఉంటాయక్కడ. అద్దాల పెట్టెలో మెడల్స్ కూడా ఉన్నాయి, రిబ్బన్లతో సహా. పేర్లు చెప్తే నాలుగూ తీసి బల్ల మీద పెట్టాడు. బార్ మీద కుట్టి సాయంత్రానికి ఇస్తానన్నాడు. పశ్చిమీ స్టార్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. ఐదు కోణాల నక్షత్రం. వెనక నున్నగా ఉంది, అంచుల మీద ఏమీ లేదు. అసలువాటి మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఇస్తారని బాబాయ్ చెప్పి ఉన్నాడు. కొనలేకపోయాను. దుకాణం అతను ఏమనుకున్నాడో, "ఫ్రేమ్ చూపించమంటారా?" అన్నాడు. వద్దని వచ్చేశాను.

మెట్రోలో కూర్చున్నాక అర్థమైంది ఎందుకు కొనలేకపోయానో. ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో గోడల నిండా పేర్లున్నాయి, ఉండాల్సినవే. అవి యుద్ధంలో పోయినవాళ్లవి. మా నాన్న బతికి తిరిగొచ్చారు, పిల్లల్ని పెంచారు, ముసలివాడై నిద్రలో పోయారు. అలాంటివాళ్ల పేరు ఏ గోడ మీదా ఉండదు. ప్రభుత్వం ఆయన పేరు లోహం మీద రాసిందంటే ఆ మెడల్ మీదే. దాన్ని నేను 240 రూపాయల్లో కలిపి అమ్మేశాను.

జూలై 22న ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఒక పేజీ, కింద పట్టిక. మూడు మెడల్స్ ఎదురుగా ఇచ్చిన సంవత్సరాలున్నాయి. పశ్చిమీ స్టార్ ఎదురుగా "నాట్ ఇష్యూడ్" అని ఉంది. మూడుసార్లు చదివాను. నాన్నకి ఆ మెడల్ అర్హత ఉంది, పుస్తకంలో ఎక్కింది, కానీ చేతికి ఎప్పుడూ అందలేదు. నేను పారేసింది నాలుగు కాదు, మూడు. వెంటనే బాబాయ్‌కి ఫోన్ చేశాను. "మాలో చాలామందికి అంతేనమ్మా. పేరు ముందు ఎక్కేది, మెడల్ ఎప్పటికో వచ్చేది. ఉస్తాద్‌ని అడిగితే వస్తుంది లేరా అనేవాడు. తర్వాత అడగడం మానేశాను" అన్నాడు. గ్యాస్ మీద పాలు పొంగిపోతున్నా నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. "ఏటే, ఏటైందే?" అంటూ అమ్మే వచ్చి పొయ్యి ఆపింది.

పోయిన మూడింటి డూప్లికేట్ల దరఖాస్తు వేరు, డబ్బు కట్టాలి. అది ఇంకా నడుస్తోంది. ఎన్నడూ ఇవ్వని దానికి డబ్బు అక్కర్లేదు, వారసులు అర్జీ పెట్టుకుంటే చాలు. ఇద్దరు పిల్లలకీ అభ్యంతరం లేదని, అమ్మకే ఇవ్వాలని మేం సంతకాలు చేసి జూలై 29న ఇచ్చాం. అడగడానికి మళ్లీ రెండుసార్లు వెళ్లాను, సెప్టెంబర్‌లో ఒకసారి, నవంబర్ మొదట్లో ఒకసారి. డిసెంబర్ 11న, బుధవారం, రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. అరచేతిలో పట్టేంత అట్టపెట్టె.

అమ్మ తెరవనివ్వలేదు. "పదేడున తీద్దారి" అంది.

డిసెంబర్ 16 అందరికీ తెలుసు, ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన రోజు, విజయ్ దివస్. నాన్న ఉన్నది తూర్పున కాదు, పడమట. షకర్‌గఢ్ వైపు, బసంతర్ నది దగ్గర. దెబ్బతిన్న ట్యాంకుల్ని, బురదలో దిగబడ్డవాటిని రాత్రిపూట గొలుసులు కట్టి వెనక్కి లాగే పని. "మేం కాల్చలేదమ్మా, లాగాం" అనేవారు, యుద్ధం గురించి ఎవరడిగినా. పడమట కాల్పులు ఆగింది 17 రాత్రి ఎనిమిదికి. అందుకని మా ఇంట్లో ఎప్పుడూ 17వ తేదీయే. ఆ రోజు నాన్న వంటింట్లోకి అమ్మని రానిచ్చేవారు కాదు. లంగర్‌లో, అంటే సైన్యం వంటశాలలో చేసినట్టు పెద్ద మూకుడులో సూజీని ఎర్రగా వేయించి హల్వా చేసేవారు. నెయ్యి ఎంత వేసేవారో! చల్లారాక మూకుడు అంచుకి గడ్డ కట్టింది మేం గోకి తినేవాళ్లం.

2024 డిసెంబర్ 17 పొద్దున్న హల్వా నేను చేశాను. తమ్ముడు ముందురోజు రాత్రే వచ్చాడు. స్టీలు డబ్బాలో సర్దుకుని, అట్టపెట్టె అమ్మ సంచిలో పెట్టుకుని, సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ దగ్గరున్న వీరుల సైనిక్ స్మారక్‌కి వెళ్లాం. 16న వెళ్దామా అని బాబాయ్ అడిగితే, వద్దు, అధికారులూ బ్యాండూ ఉంటారు, మా ఇంటి తేదీ మరుసటి రోజే కదా అన్నాను. ఆయన 16న తన వంతుగా వెళ్లి, 17న మళ్లీ మాతో వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాం. లోపల నిన్నటి పుష్పగుచ్ఛాలు వరసగా ఉన్నాయి, బంతిపూలు వాడిపోయి రిబ్బన్లు మంచుకి తడిసి ఉన్నాయి. రోడ్డు మీద బస్సుల హోరు.

"సొంతవాడైతే ఎడమ వైపు పెట్టుకోవాలి. ఇంటివాళ్లయితే కుడి వైపు" అన్నాడు బాబాయ్. ఇదీ నాకు కొత్తే. చీర కట్టుకున్నవాళ్లకి దీన్ని కుడివైపు పెట్టడం కూడా తేలిక కాదు. పైట అటు పోతుంది, జాకెట్టు గుడ్డ ఆ బరువుకి వేలాడిపోతుంది. చలికని అమ్మ వేసుకున్న ఉన్ని స్వెట్టర్ మంచిదైంది. మీరెవరైనా వెళ్తే ఒక శాలువో స్వెట్టరో, గట్టి పిన్నీసు ఒకటి తీసుకెళ్లండి.

తమ్ముడు పెట్టె తెరిచి అమ్మ చేతికిచ్చాడు. రిబ్బన్‌కి వేలాడుతూ నక్షత్రం, అంతే. కొత్తది, ఎవరూ ముట్టుకోనిది. అమ్మ కళ్లజోడు పైకి తోసుకుని, నక్షత్రాన్ని వెనక్కి తిప్పి ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. వెలుతురు పడేలా నేను పక్కకి జరిగాను. సన్న అక్షరాలు. అమ్మ చూపుడు వేలి గోరు వాటి మీద పెట్టి, ఒక్కొక్క అంకే చదివింది, నంబరు మొత్తం. తర్వాత సీ, ఎఫ్, ఎన్. నాన్న నాకు ఎప్పుడూ హవల్దారే. కానీ మెడల్ మీద 1971లో ఉన్న ర్యాంకే ఉంటుందట. క్రాఫ్ట్స్‌మన్, అంటే ఈఎంఈలో సిపాయి. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, పెళ్లయి ఏడాది దాటినవాడు.

"ఇదీ, కవర్ల మీద నాను రాసిందీ ఒకటేనే" అంది అమ్మ.

వేలు ఇంకొంచెం జరిగి, పేరు దగ్గర ఆగింది. అమ్మ నాన్న పేరు పెట్టి పిలవడం నేను పుట్టినప్పటి నుంచి వినలేదు. మెడల్ నా అరచేతిలో పెట్టి, "మిగతాది నువ్వు సదువు" అంది.

చదివాను.